రంగం పో

ఇప్పుడు మా వీధిలో కుర్రాళ్ళు పండక్కి పక్క ఊరెళ్ళినట్టు పక్క దేశాలకి వెళ్ళొస్తున్నారు. ఎలా ఉందిరా అని అడిగితే ఫోన్లో బొమ్మలు చూపిస్తారు, ఎదురుగా నిలబడి నవ్వుతున్నది వాళ్ళే, వెనకాల ఏ దేశం ఉందో వాళ్ళకీ గుర్తుండదు. మా కాలంలో, అంటే అరవైలు చివరికి వస్తున్న ఆ రోజుల్లో, బొబ్బిలి వైపు పల్లెల్లో "దేశం" అన్న మాటకి అర్థమే వేరు. సాలూరు ఘాటీ ఎక్కి అవతల దిగితే అది దేశం. శ్రీకాకుళం దాటి పిల్లనిస్తే "దేశంగాని దేశం తోసీసినార్రా" అని రాగం తీసి ఏడ్చేవాళ్ళు. (ఏడ్చినవాళ్ళే మర్నాటి బస్సుకి వెళ్ళి, వియ్యపురాలి చేత చేపల పులుసు పెట్టించుకు తిని వచ్చేవాళ్ళు, అది వేరే సంగతి.) అలాంటి ఊళ్ళో, అలాంటి ఇంట్లో, మేం ఏకంగా మూడు దేశాల యాత్రకి బయల్దేరాం. దానికి గైడుని నేను. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

ఒక్క రంగం మాత్రం మా వాళ్ళ లెక్కలో దేశం కాదు, పెరటి దొడ్డి. రంగం అంటే రంగూను. మా తాతల నాటి నుంచీ మా వైపు మగవాళ్ళు వానలు పడకపోయినా, అన్నదమ్ములతో చెడినా, పెళ్ళాంతో పొసగకపోయినా ఓడెక్కి రంగం పోయేవాళ్ళు. అక్కడ వరి మిల్లుల్లో బస్తాలు మోసి, కొన్నేళ్ళకి పువ్వుల లుంగీ కట్టుకుని, నూనె కాగితపు గొడుగు పట్టుకుని దిగేవాళ్ళు. అందరూ దిగారు గానీ మా మేనత్త మొగుడు దిగలేదు. పెళ్ళయిన కొత్తలోనే వెళ్ళాడాయన. తర్వాత యుద్ధం వచ్చింది, రంగం మీద బాంబులు పడ్డాయి, ఓడలు ఆగిపోయాయి, మనవాళ్ళు పిల్లాపాపలతో కొండలూ అడవులూ పట్టి కాలినడకన బయల్దేరారు. అలా నడిచొచ్చిన వాడొకడు మా ఊళ్ళో ఉండేవాడు, మేం రంగం తాత అనేవాళ్ళం, కాలి వేళ్ళు సగం లేవు. మావయ్య తనతోనే బయల్దేరాడనీ, కొండల్లో ఒక ఏటి ఒడ్డున జ్వరంతో చెట్టు కింద చతికిలబడి "మీరు పదండ్రా, నాను వస్తాను" అన్నాడనీ ఆయన చెప్పాడు. అది విని ఊరంతా తలొంచుకుంది. మా అత్త మాత్రం తలెత్తి, "వస్తానన్నాడు కదా," అంది. అంతే. నేను పుట్టకముందు అన్న ఆ మాట మీద నేను మీసాలు దువ్వుకునే నాటికీ అలాగే ఉంది.

అత్త మా నాన్నకి అప్ప, అంటే అక్క, మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే పసుపు రాసుకుని, కానీకాసంత బొట్టు పెట్టుకుని, మోచేతి దాకా గాజులతో గలగలలాడుతూ తిరిగేది. పేరంటాలకి పిలవాలో మానాలో తెలియక ఊళ్ళో ఆడవాళ్ళు నలిగిపోయేవాళ్ళు. పిలిస్తే అశుభమేమో, పిలవకపోతే అత్త నోరు అంతకంటే అశుభం. ఇక మొగుడి పేరు చెప్పవలసి వచ్చినప్పుడు చూడాలి. మా వైపు ఆడది మొగుడి పేరు ఎత్తకూడదు, ఎత్తితే ఎత్తినప్పుడల్లా ఆయన ఆయుష్షు కొంచెం తరుగుతుందని నమ్మకం. అసలే ఎక్కడో అడవుల్లో ఉన్నవాడు, ఎంత ఆయుష్షు మిగిలుందో ఏమో, దాన్ని అత్త పిసినారి వాడి నెయ్యిలా దాచేది. రేషను గుమస్తా అడిగితే "కొండ మీదుంతాడు గదా, సందనం రాత్తారు గదా" అనేది. వాడు సింహాచలం అని రాసుకున్నాడు. ఓట్ల వాడొస్తే అదే కథ, వాడు నరసింహం అని రాసుకున్నాడు. ఇంకో మహానుభావుడు వరాహమూర్తి అన్నాడు. కాగితాల మీద మా అత్తకి ఎంతమంది మొగుళ్ళున్నారో, అందులో ఒక్కడూ అసలు వాడు కాదు.

నేను కాలేజీలో ఉండగా బర్మా వాళ్ళు మనవాళ్ళని తరిమేస్తున్నారని, ఓడలు విశాఖపట్నంలో దిగుతున్నాయని తెలిసింది. ఓడ వచ్చిందని వినడం ఆలస్యం, అత్త సత్తు క్యారేజీలో మినపరొట్టె పెట్టుకుని బయల్దేరేది. తోడు నేను. రేవు గేటు బయట నిలబడి, మూటలతో దిగే ముసలివాళ్ళ ముఖాల్లోకి ఒక్కొక్కరి ముఖంలోకీ తొంగి చూసేది. పాతికేళ్ళ నాటి ముఖం ఎలా ఆనవాలు పడతావని నేనడిగితే "ఆ నడక నాకు తెలీదేటి" అనేది. చివరికి ఆ రొట్టె అక్కడే ఎవరో ఒక ముసలాయన చేతిలో పెట్టి వచ్చేసేది. ఆ తినే మనిషిని చూస్తూ నేను ప్రతిసారీ నవ్వాలో ఏడవాలో తెలియక క్యారేజీ గిన్నెలు లెక్కపెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకి ఓడలు రావడం మానేశాయి. అప్పుడు అత్త కొత్త మాట మొదలుపెట్టింది. "ఆయన రాడానికి ఓడ నేదు. నానే ఎల్తాను."

మా నాన్న బాధ ఇంకొకటి. పన్నెండేళ్ళు జాడ తెలియకపోతే పోయినట్టే లెక్కకట్టి, దర్భలతో బొమ్మ చేసి తగలేసి, కర్మ చేసెయ్యాలని పంతులు చెప్పి చెప్పి అలిసిపోయాడు. అత్త బతికుండగా ఆ మాట ఎత్తే మగాడు మా ఊళ్ళో లేడు. దాంతో దిక్కులేని ఆత్మ మా ఇంటి చుట్టూనే తిరుగుతోందని తేలింది. గేదె ఈనక చచ్చిపోతే అదే కారణం. నాన్నకి దగ్గు తగ్గకపోతే అదే. నేను బి.ఏ.లో ఇంగ్లీషు పేపరు తప్పితే పంతులు వేళ్ళు ముడిచి లెక్కకట్టి, అదీ మావయ్య పనేనన్నాడు. నేను మాత్రం ఎందుకు కాదంటాను? రెండోసారి తప్పినప్పుడు నేనే ముందుగా గుర్తు చేశాను. కానీ నాన్న నవ్వేవాడు కాదు. దగ్గులో రక్తం పడుతోందని అప్పటికి మాకు తెలియదు. "నా కళ్ళ ముందు అప్ప పని ఒకటి తేలిపోతే సాలు," అని గోడకి జారబడి అనేవాడు. తను పోయాక ఆ బావగారికి పిండం పెట్టే మగదిక్కు ఎవరూ ఉండరని ఆయన దిగులు. నన్ను చూసి ధైర్యం చెప్పుకునే అవకాశం ఆయనకి నేనివ్వలేదు.

సరిగ్గా అప్పుడు మా గుమ్మంలోకి రెండు యాత్రలు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒకటి విజయనగరం పెద్దమనిషి ఒకాయనది, లంక యాత్ర. రంగుల కాగితం మీద ఓడ, కొబ్బరిచెట్లు, రాక్షసుడి బొమ్మ. రెండోది మా బస్సు బావది. ఈయన సాలూరు వాడు, మా అమ్మకి దూరపు చుట్టం, పాత లారీకి కిటికీలు కోసి, లోపల బెంచీలు దిగ్గొట్టి, దానికి బస్సని పేరు పెట్టి కాశీ యాత్రలు తిప్పేవాడు. ఈసారి కాశీతో ఆపకుండా దేశాలు చుట్టబెడతానన్నాడు. ఇద్దరూ మా అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ తలుపు చాటున. అత్త ఒక మూల చేటలో ఉలవలు ఏరుకుంటూ, ఈ గోల నాకెందుకన్నట్టు.

"లంకెల్దారి. సీతమ్మ కూకున్న సెట్టు సూడాలని నాకు సిన్నప్పట్నుంచీ ఉన్నాది," అంది అమ్మ.

"లంకెల్లి బాగుపడినోలెవులే? ఎల్లినోడు తోక కాల్సుకున్నాడు, ఉన్నోడు కొంప కాల్సుకున్నాడు," అన్నాడు నాన్న.

విజయనగరం ఆయన ఓడంటే భయం లేదనీ, పాస్‌పోర్టు తనే తెప్పిస్తాననీ చెప్పబోయాడు. పాస్‌పోర్టు అనగానే బస్సు బావ తొడ కొట్టాడు. "నా బండికి ఆ పీడే నేదు మావా! మనోలకి నేపాలానికి కాయితమే అక్కర్నేదు. సిక్కిమంటే గేటు కాడ పేర్లు సెప్పితే సాలు. బూటానంటావా, గుమ్మం కాడ ఒక కాలెట్టి తీసేద్దుం. కాలెట్టినా దేసమే, కాపరం సేసినా దేసమే."

"దారిలో గయ తగుల్తాదా?" నాన్న ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగాడు. కానీ ఆ గొంతు నాకు తెలుసు.

"తగలదేటి! గయ తగలకండా ఈ భూపెపంచకంలో బస్సు నడస్తాదా?" అని బావ గొంతు సవరించుకుని, రైలు స్టేషన్లో మైకు లాగా ఊళ్ళ పేర్లు ఏకరువు పెట్టాడు. గయ, కాశీ, జనకపురి, ఖాట్మండు, అక్కణ్ణుంచి దిగి సిలిగురి, మళ్ళీ కొండెక్కితే రంగ్‌పో, ఆ పైన గాంగ్‌టక్. సాలూరు నోటికి రంగ్‌పో అనడం ఎక్కడొస్తుంది? తీరా ఆయన నోట్లోంచి వచ్చింది "రంగం పో" అని.

చేటలో ఉలవల చప్పుడు ఆగిపోయింది.

"ఏటన్నావు? మల్లీ సెప్పు," అంది అత్త.

"రంగంపో, అత్తా. ఊరి పేరు. సిక్కిం గుమ్మం."

అత్త చేట కింద పెట్టి లేచింది. చీర కొంగుకి చేతులు తుడుచుకుంది. ఆవిడ కళ్ళల్లో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు, చెప్పొద్దూ, భయమేసింది. "ఇన్నావేట్రా తమ్ముడా. పో అంతన్నాడు. నానీ బస్సుకే ఎల్తాను," అని లోపలికి పోయి ట్రంకుపెట్టె దులపడం మొదలుపెట్టింది. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అప్పకి రంగం, తనకి గయ. రంగుల కాగితం ఆయన కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. అమ్మ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక నా సంగతి. బస్సు బావ నా వైపు తిరిగి, "బి.ఏ. సదివినోడివి, ఇంగిలీసొచ్చు, హిందీ పరీచ్చలూ రాసేవు, నువ్వే మా గైడువి," అన్నాడు. నేను తప్పిందే ఇంగ్లీషని, హిందీలో నాకొచ్చింది "యహ్ కలమ్ హై" దాకానని చెప్పాలని నోరు తెరిచాను. అప్పటికే ఆయన నా చేతికి ఎర్రగుడ్డ కట్టేశాడు.

ఆ ఎర్రగుడ్డ కట్టుకున్నాక నాకు బాధ్యత పుట్టుకొచ్చింది. బడి నాటి అట్లాసు వెతికి తీసి అత్త ముందు పరిచాను. ఇదిగో సిక్కిం, ఇదిగో బర్మా, మధ్యలో ఎంత దూరమో చూడమన్నాను. అది రంగం కాదు, పోవడమూ కాదు, ఊరి పేరు రంగ్‌పో అని వేలు పెట్టి చూపించాను. అత్తకి చదువు రాదు. అయినా ఆ పటం మీదకి వంగి చాలాసేపు చూసింది.

"ఈ గోదుమరంగు ఏట్రా?"

"కొండలు అత్తా."

"ఈ నీలం గీత?"

"ఏరు."

"ఇటూ కొండలే, అటూ కొండలే కదా. ఒకే వొరసలాగున్నాయి," అంది. ఉన్నాయి. ఆ పటంలో గోధుమరంగు సిక్కిం నుంచి బర్మా మీదుగా ఎక్కడా తెగకుండా కిందికి దిగింది. "కొండలున్నాయి, ఏరున్నాది. ఇంకేటి కావాలి? నాకు బూగోలం సెప్పకురా గుంటడా, నానే నీకు సెప్పాలి," అని పటం మడిచి నా చేతిలో పెట్టేసింది. ఇంగ్లీషే కాదు, భూగోళంలో కూడా నేను తప్పానని ఆ వేళ తెలిసింది.

బస్సు ప్రయాణం గురించి రాయాలంటే నా నడుము ఒప్పుకోవడం లేదు. బెంచీలు లారీకి పుట్టిన బిడ్డలు, మనుషుల్ని బస్తాల్లాగే కుదేసేవి. గైడుగా నా పని, బస్సు ఆగిన చోటల్లా దిగి అది ఏ ఊరో ఎవర్నైనా అడిగి, మళ్ళీ ఎక్కి, ముందే తెలిసినట్టు చెప్పడం. ఒకచోట పెద్ద గోపురం చూపించి దాని మహిమ అరగంట వర్ణించాను. అది జనపనార మిల్లు గొట్టం. జనం చేతులెత్తి దణ్ణాలు పెట్టుకున్నారు, నేనూ పెట్టాను. బస్సు బావ నన్ను పక్కకి పిలిచి "బాగా సెప్పేవు, ఇలాగే కానీ," అన్నాడు.

గయ దగ్గరకొచ్చేసరికి నవ్వులన్నీ ఇగిరిపోయాయి. నాన్న బస్సు దిగగానే పిండాలు పెట్టించే అక్కడి పురోహితుణ్ణి, పండాని, కుదుర్చుకున్నాడు. ఫల్గుణీ నదిలో నీళ్ళు లేవు, ఎటు చూసినా ఇసక, ఇసకలో గుంపులు గుంపులుగా జనం, గుంపుకో పండా, ఒకడి మంత్రంలోకి ఒకడి మంత్రం వచ్చి పడుతోంది. మా తాతకీ నాయనమ్మకీ పిండాలన్నాడు నాన్న. అత్త కూడా తల్లిదండ్రులు కదా అని భక్తిగా కూర్చుంది. ఆ రెండూ అయ్యాక ఆకులో ఇంకో ముద్ద మిగిలింది. అత్త దాన్ని చూసింది. పండా వచ్చీరాని తెలుగులో "జీజాజీ పేరు, బావ పేరు చెప్పు," అన్నాడు. నాన్న వేలి దర్భ సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచాడు, పేరులో మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చింది కూడా. అత్త ఒక్క ఉదుటున వంగి ఆయన నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టేసింది. గాజులు ఆయన దవడకి తగిలి ఒకటి చిట్లింది.

"బతికున్నోడికి పిండమేట్రా? ఆకలేస్తే నువ్వు తిను!"

"అప్పా, నాను ఎక్కువ కాలం ఉండను..."

"ఉండకపోతే పో. నీకు కావాలంటే పెడతాను. ఆయన జోలికి రాకు."

అని బస్సెక్కి కూర్చుంది. నాన్న ఆ ఇసకలో అలాగే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దగ్గు తెర వచ్చింది, తుడుచుకున్న పంచె అంచు ఎర్రబడింది. ఆ రోజే మొదటిసారి నేను చూశాను. ఏమీ చెయ్యలేక ఎర్రగుడ్డ కట్టిన చెయ్యితో ఆయన వీపు రాస్తూ కూర్చున్నాను. పండా మాత్రం మంత్రం సగంలో ఆపితే దోషమని కేకలు వేస్తున్నాడు. ఆ మూడో ముద్దని ఒక ఆవు వచ్చి తాపీగా తినేసి పోయింది. ఎవరి పేరు మీద తిన్నదో దానికే తెలియాలి.

అక్కణ్ణుంచి తోబుట్టువులిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరు ముందు బెంచీ, ఒకరు వెనక బెంచీ. జనకపురిలో మా అమ్మ ఒక్కతే సంతోషించింది, సీతమ్మ పుట్టిల్లు చూశాను, ఇంక లంకతో పనేంటని లెంపలు వేసుకుంది. ఖాట్మండులో చలికి నాన్న దగ్గు ఎక్కువైంది. అత్త వెనక బెంచీ నుంచి తన కంబళి విసిరింది, మాట మాత్రం విసరలేదు. ఆయన అది కప్పుకున్నాడు, వెనక్కి తిరిగి చూడలేదు. గైడుని నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ మంచుకొండలు చూపించాను, ఎవరూ చూడలేదు.

సిలిగురి దాటాక ఘాటీ మొదలైంది. సాలూరు డ్రైవరు కాబట్టి సరిపోయింది, మరొకడైతే ఆ మలుపులకి మేమందరం పిండాలకి తయారయ్యేవాళ్ళం. కింద ఏరు పచ్చగా, తెల్లగా, రాళ్ళ మీద హోరుమంటూ మాతో పాటే వస్తోంది. అత్త కిటికీకి అతుక్కుపోయింది. మధ్యాహ్నం దాటాక ఒక వంతెన దగ్గర బస్సు ఆపారు. గేటు. గేటు పక్క రేకుల గది. అందులో టోపీ పెట్టుకున్న ఉద్యోగి ఒకాయన. అందరూ దిగి వరసలో నిలబడి తమ పేరు, తండ్రి పేరు, ఆడవాళ్ళైతే భర్త పేరు చెప్పాలి, అప్పుడుగానీ పర్మిట్టు రాయరు.

అక్కడ మొదలైంది నా అసలు పరీక్ష. మా బస్సులో భర్తలు పక్కన లేకుండా వచ్చిన ముత్తయిదువలు కొందరున్నారు. వాళ్ళు పేరు చెప్పరు, పొడుపుకథ చెబుతారు, దాన్ని నేను హిందీలో విప్పాలి. ఒకావిడ, "వారధి కట్టినాడు, విల్లు ఇరిసినాడు" అంది. నేను పుల్‌వాలా, అంటే వంతెనలవాడు, అని తర్జుమా చేశాను. ఇంకొకావిడ, "ఎన్న తింతాడు, సిటికినేలు మీద కొండెత్తుతాడు" అంది. ఆ ఉద్యోగి కలం కింద పెట్టి, మీ ఊళ్ళో మొగుళ్ళందరూ ఏం పనులు చేస్తుంటారని అడిగాడు. బస్సు బావ వచ్చి ఆ రాముణ్ణీ కృష్ణుణ్ణీ విడిపించాడు. వరసలో ఉన్న వితంతువులు మాత్రం నా సాయం అడగలేదు, తడుముకోకుండా పేర్లు చెప్పేసి గేటు దాటారు. పోయినవాడికి తరగడానికి ఇంక ఆయుష్షేముంది?

అత్త వంతు వచ్చింది. నేను అలవాటు కొద్దీ "పహాడ్ పర్ రహతా హై, చందన్..." అని మొదలుపెట్టాను.

"నువ్వుండరా," అంది అత్త. "ముందు ఈ ఊరి పేరేటో ఆ బాబుని సెప్పమను."

అడిగాను. "రంగ్‌పో," అన్నాడాయన.

"మల్లీ సెప్పమను."

"రంగ్‌పో, మాతాజీ, రంగ్‌పో!" విసుగ్గా గట్టిగా అరిచాడు.

అత్త తలూపింది. కొంగు భుజం నిండా కప్పుకుంది. అటు ఏటి వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగి, "అప్పన్న," అంది.

ఏటి హోరులో ఆయనకి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"అప్పన్న. నా మొగుడు పేరు అప్పన్న!"

నాన్న బస్సు చక్రానికి ఆనుకుని కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఆ పేరు ఆవిడ నోటి నుంచి పుట్టి బుద్ధెరిగాక మాలో ఎవరం వినలేదు. సింహాచలం కొండ మీది దేవుడి పేరే, అంత చిన్న పేరు, అంత మామూలు పేరు. మా వైపు ఏ వీధిలో నిలబడి కేకేసినా నలుగురు పలుకుతారు. దానికోసం ఇంతకాలం దాచుకోవాలా అనిపించి నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

ఉద్యోగి రాసుకుని గేటు చూపించాడు. అత్త గేటు వైపు కాకుండా గట్టు దిగి ఏటి దగ్గరకి పోయింది. జారుతుందేమోనని నేను వెనకాలే పరిగెత్తాను, నాన్న దగ్గుకుంటూ దిగాడు. అత్త నీళ్ళలో పాదాలు పెట్టి, అవతలి కొండల వైపు, ఇంట్లో మనిషిని గుమ్మం దాకా సాగనంపుతున్నట్టు చూసింది. "ఇంక పో," అంది. "పో అప్పన్నా." ఏడవలేదు. కాసేపటికి తన పాదాల వైపు చూస్తూ మాతో మాట్లాడింది.

"రంగం బయల్దేరిననాడు ఎల్లిరా అన్నాను. పో అంటే తప్పు కదరా. ఆ రా అన్న మాట పట్టుకుని ఏ సెట్టు కిందో ఇటూ రానేక, అటూ పోనేక అలగే ఉండిపోనాడు పాపం. పోనీలే ఎల్లిపో అందామంటే నాకు నోరు రానేదు. ఈ ఊరోలు పేరులోనే ఎట్టుకున్నారు."

నాన్న ఆవిడ పక్కన రాయి మీద కూర్చున్నాడు. గయ తర్వాత మొదటిసారి ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "ఊరెల్లగానే పంతులుకి కబురెట్టరా తమ్ముడా. నువ్వు ఉండగానే అయిపోవాల," అంది. నాన్న తలూపి, చాలాసేపు నసిగి, ఆవిడ నుదుటి వైపు చూడకుండా, "మరి... బొట్టు..." అన్నాడు.

"మీ బావ పోనాడు. నాను పోనేదు కదా. బొట్టు నాది," అంది అత్త. లేచి చీర కుచ్చిళ్ళు పిండుకుని, "పదండి, ఆ మూడో దేసం కూడా సూసీసి కొంపకి పోదుం," అని గట్టెక్కింది.

మూడో దేశంలో అనుకున్నట్టే గుమ్మం దగ్గర కాలు పెట్టి తీశాం. అందరికంటే ముందు అత్త పెట్టింది. ఊరొచ్చాక దర్భల బొమ్మ చేశారు, తగలేశారు, కర్మ జరిగింది. ఆ ఏడు తిరక్కుండానే నాన్న పోయాడు. ఆయన్ని మోసుకెళ్తుంటే అందరూ గొల్లుమన్నారు గానీ, అత్త మాత్రం పాడె పక్కనే వీధి చివర దాకా నడిచి, తమ్ముడి పేరు పెట్టి పిలిచి, "పో నాయినా, ఆగకండా పో," అంది. బొట్టుతోనే అంది. ఊరు నోరు నొక్కుకుంది, అత్త ఊరి నోరు ఎన్నడు లెక్క చేసింది గనక. ఇక నా సంగతి చెప్పాలంటే, మావయ్య ఆత్మ శాంతించిన తర్వాత కూడా నేను ఇంగ్లీషు ఇంకోసారి తప్పాను. ఈసారి నిందించడానికి ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు నేను ఆనాటి అత్త వయసు దాటి చాలా దూరం వచ్చేశాను. మా ఆవిడ పట్నం మనిషి, వంటింట్లోంచి రోజంతా నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. కాఫీకి ఒకసారి, మందులకి ఒకసారి, కళ్ళజోడు ఎక్కడ పారేశావని అనేకసార్లు. మా వాళ్ళ లెక్కన నాకెప్పుడో నూకలు చెల్లిపోవాలి. ప్రతి పిలుపుకీ కొంచెం తరిగానా అని తడిమి చూసుకుని, నాలో నేనే నవ్వుకుంటూ, పలుకుతాను. ఉన్నాను ఇంకా. పిలవడమే గానీ, పో అనడానికి ఆవిడకింకా నోరు రాలేదు. ఆ మాట ఎవరో ఒకరు అనేదాకా, దారి తెలియని గైడు తనంతట తాను ఎక్కడికి పోతాడు?